అరీజ్ వంతు

ఆఖరి పీరియడు మొదలై పావుగంట అయింది. కిటికీలు మూసే ఉన్నాయి. అయినా వడగాలి ఎక్కడో సందు చూసుకుని లోపలికి వస్తూనే ఉంది. మే నెలలో ఎడారి వైపు నుంచి ఆ గాలి మొదలైందంటే మా స్ఫాక్స్ ఊళ్లో మనుషులకే కాదు, పిల్లులకు కూడా కదలబుద్ధి కాదు.

సైన్సు గదిలో ముప్పై ఎనిమిది మంది పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని ట్యాబ్లెట్ల మీదికి వంగి ఉన్నారు. మదాం నజ్లా తన బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. మధ్యమధ్యలో కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకుంటున్నారు.

మూడో వరసలో ఎమ్నా వేలు తెర మీద చకచకా కదులుతోంది. రక్తం చుక్కను గాజు పలక మీద వేసింది. పలకను మైక్రోస్కోపు కిందికి జరిపింది. ఎర్ర కణాలు లెక్కపెట్టి అంకె నొక్కింది. ఏడు సెకన్లు. తెర మీద నక్షత్రాలు రాలాయి.

పక్కన అరీజ్ గోడకు ఆనుకుని కూర్చుంది. కిటికీ అద్దం మీద పేరుకున్న దుమ్మును చూస్తోంది.

తెర పైమూల ఇద్దరి ఫొటోలూ ఉన్నాయి. ఎవరి వంతు వస్తే వాళ్ల ఫొటో చుట్టూ పచ్చటి గీత వెలుగుతుంది. ఇప్పుడు వెలుగుతున్నది అరీజ్ ఫొటో. ఆడుతున్నది మాత్రం ఎమ్నా.

ఆ ఆట మూడు వారాల కిందట వాళ్ల బడికి వచ్చింది. దాని పేరు "మా వార్డు". వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే డాక్టర్ హాజర్, ఆమె బృందంవాళ్లు కలిసి తయారు చేశారు. ఆసుపత్రి అనగానే పిల్లలకు డాక్టరొక్కరే గుర్తుకొస్తారట. అక్కడ రక్తం పరీక్షించేవాళ్లు, మందులు కలిపేవాళ్లు, పడిపోయిన చేతికి మళ్లీ కదలిక నేర్పేవాళ్లు, ఇలా ఎన్నో రకాల మనుషులు పనిచేస్తారు. ఆ పనులు ఎవరైనా నేర్చుకోవచ్చని పిల్లలకు ఆటలో చూపించాలని వాళ్ల ఆలోచన. అందుకే ఆటలో నర్సుగా ఒక అబ్బాయి ఉన్నాడు. మందుల గదిలో ఉండే ఆయన చెవికి వినికిడి మిషను ఉంది. రక్తం పరీక్షించే అమ్మాయి చక్రాల కుర్చీలో కూర్చుంటుంది.

అన్ని ఊళ్ల బడులకూ పంపే ముందు ఒక బడిలో ఆడించి చూద్దామనుకున్నారు. ఇద్దరికి ఒక ట్యాబ్లెట్. వారానికి రెండు పీరియడ్లు. ఆట అయ్యాక ఒక కాగితం నింపాలి. ఎక్కడ కష్టమైంది, ఎవరికి కష్టమైంది అని అందులో అడుగుతారు. ఎక్కువ పాయింట్లు వచ్చిన మూడు జంటలను జులైలో కెర్కెన్నా దీవికి తీసుకెళతారు. అయిదు రోజులు. పొద్దున సైన్సు, మధ్యాహ్నం నుంచి సముద్రం.

ఆ మాట విన్నప్పుడు మిగతా పిల్లలకు ఈత గుర్తుకొచ్చింది. ఎమ్నాకు నిద్ర గుర్తుకొచ్చింది.

ఎమ్నాకు పదమూడేళ్లు. వాళ్లమ్మ మునీరా మూత్రపిండాల వార్డులో నర్సు. నాన్న గఫ్సా దారిలో వ్యాను నడుపుతాడు. పొద్దున వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. బడి అయ్యాక చెల్లిని తీసుకురావడం, రొట్టెలు కొనడం, గిన్నెలు తోమడం, చెల్లికి స్నానం చేయించడం, అన్నీ ఎమ్నావే. అన్నీ గబగబా చేసేస్తుంది. ఎవరైనా ఏదైనా నెమ్మదిగా చేస్తుంటే చూస్తూ ఊరుకోలేదు. "ఇటివ్వు, నేను చేసేస్తా" అంటుంది. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అంటుందో ఆమెకే తెలీదు.

అరీజ్ ఆమె పక్క బెంచీ పిల్ల. పుట్టినప్పటి నుంచీ అరీజ్ కుడిచేతి వేళ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి. ఎడమచేయి కొంచెం వణుకుతుంది. ఆ ఎడమచేత్తోనే రాస్తుంది, తింటుంది, జడ కూడా వేసుకుంటుంది. టైం పడుతుంది, అంతే. నోరు మాత్రం చురుకు. ఆమెతో మాటల్లో గెలిచినవాళ్లు ఆ క్లాసులో లేరు.

మొదటి రోజు అరీజ్ వంతు వచ్చినప్పుడు ఆమె రక్తం పరీక్షించే అమ్మాయి బొమ్మనే ఎంచుకుంది. వేలితో గాజు పలకను పట్టి జరపబోయింది. పలక సగం దూరం పోయి జారిపోయింది. మళ్లీ పట్టింది. మళ్లీ జారింది. ఒక్కో పనికి ఇచ్చిన పది సెకన్లు అయిపోయాయి. గంట మోగి తెర ఎర్రబడింది. సున్నా. రెండోసారీ సున్నా. మూడోసారీ అంతే.

వెనక బెంచీలోని ఇద్దరబ్బాయిలు చూసి, తాబేళ్ల బండి బయల్దేరిందని నవ్వారు. అరీజ్ వెనక్కి తిరిగి, కుందేళ్లకు లెక్కలు వస్తే బాగుండేదని అంది. వాళ్లకు లెక్కల పరీక్షలో ఇరవైకి ఆరేసి వచ్చాయి. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

ఎమ్నా మాత్రం పాయింట్ల పట్టీ చూస్తోంది. వాళ్ల పేర్లు అట్టడుగున ఉన్నాయి.

"ఇటివ్వు. నీ వంతు కూడా నేనే ఆడేస్తా. ఇద్దరికీ పాయింట్లు వస్తాయి కదా" అంది.

అరీజ్ ఆమె వైపు చూసింది. ఏదో అనబోయింది. అప్పటికే ఎమ్నా చేయి ట్యాబ్లెట్ మీద ఉంది. అరీజ్ గోడకు ఆనుకుంది. ఆ రోజు నుంచి అలాగే ఆనుకుంటోంది.

ప్రతిసారీ కాగితం కూడా ఎమ్నాయే నింపేది. ఎక్కడ కష్టమైంది అన్నచోట "ఎక్కడా లేదు" అని రాసేది. ఎవరికి అన్నచోట "ఎవరికీ కాదు" అని రాసేది. ఆ పిల్లకు అందులో తప్పేమీ కనిపించలేదు. అరీజ్‌కు సాయం చేస్తున్నాననే అనుకుంది.

ఆ రోజు పీరియడు ముగియడానికి పది నిమిషాల ముందు డాక్టర్ హాజర్ వచ్చారు. ఆమె కూడా అలిసిపోయే ఉన్నారు. మెడకు చుట్టుకున్న దుపట్టాతో ముఖం తుడుచుకుంటూ, చేతిలో పాయింట్ల పట్టీతో వరసల మధ్య నడిచారు. ఎమ్నావాళ్లు రెండో స్థానంలో ఉన్నారు. ఆ బెంచీ దగ్గరికి రాగానే ఆమె ముఖం విప్పారింది.

"మిమ్మల్ని చూడాలనే వచ్చానమ్మా" అన్నారు. "మీ ఇద్దరి వల్ల మా దగ్గర పెద్ద గొడవొకటి తీరిపోయింది."

ఆ గొడవేమిటో ఆమే చెప్పారు. ఆటలో పది సెకన్ల గడియారం తీసేయాలని వాళ్లలో సగం మంది అంటున్నారట. చేతులు సరిగా కదలని పిల్లలకు అది కష్టమని. ఉంటేనే ఆట సరదాగా ఉంటుందని మిగతా సగం. అప్పుడు అరీజ్ పాయింట్లు చూశారు. అరీజ్ చేతుల సంగతి మదాం నజ్లా మొదటి రోజే రాసి పంపారు. ఆ పిల్ల ప్రతి పనినీ ఏడెనిమిది సెకన్లలో చేసేస్తోంది. అలాంటప్పుడు గడియారం ఎవరికీ అడ్డు కాదన్నమాట. అందుకని దాన్ని అలాగే ఉంచేస్తున్నారు. సెప్టెంబరులో ఆట అన్ని బడులకూ వెళ్తుంది.

"నీకేమైనా కష్టమనిపించిందా అరీజ్? ఏదున్నా చెప్పు. ఇప్పుడైతే మార్చగలం" అన్నారు.

అరీజ్ ఎమ్నా వైపు చూసింది. ఎమ్నాకు కెర్కెన్నా వెళ్లే పడవ కళ్ల ముందు కనిపించింది.

"ఏమీ లేదండీ" అంది ఎమ్నా. ఆ జవాబు కూడా ఆమే చెప్పేసింది.

బడి గంట మోగింది. అరీజ్ సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. ఆమె కుడికాలు కొంచెం ఈడుస్తుంది. అయినా ఆ రోజు ఎమ్నా పరుగెత్తి అందుకోవలసి వచ్చింది. గేటు పక్కన గోడ నీడలో అరీజ్ ఆగింది. వాళ్లమ్మ మోపెడ్ మీద వచ్చేదాకా రోజూ అక్కడే నిలబడుతుంది.

కోపం వచ్చిందా అని ఎమ్నా అడిగింది. నీ మంచి కోసమే కదా ఆడాను, లేకపోతే ఇద్దరం అడుగున ఉండేవాళ్లం కదా అని ఎమ్నా అంది.

"నన్ను అడిగావా?" అంది అరీజ్.

"నువ్వు వద్దనలేదు కదే."

"వద్దనడానికి నాకు పది సెకన్లు సరిపోవు మరి."

ఎమ్నాకు నవ్వాలో వద్దో తెలియలేదు. అరీజ్ నవ్వడం లేదు.

"ఆటలో బొమ్మకేమో చక్రాల కుర్చీ ఇచ్చారు. ఆడేవాళ్లకేమో పది సెకన్లిచ్చారు. అది వాళ్ల తప్పే. కానీ వాళ్లకి తెలీదు. తెలుసుకోవడానికే మన దగ్గరికొచ్చారు. నువ్వేమో అరీజ్ ఏడు సెకన్లలో చేసేసిందని చెప్పావు." అరీజ్ సంచి పట్టీ సరిచేసుకుంది. "సెప్టెంబరులో ఎక్కడో దూరాన ఏ కస్సెరీన్‌లోనో నాలాంటి పిల్ల ఒకతి ఈ ఆట ఆడుతుంది. సున్నాలు వస్తాయి. వాళ్ల మదాం ఏమంటుందో తెలుసా? స్ఫాక్స్‌లో ఒకమ్మాయి చేసింది, నీకేమొచ్చింది అంటుంది. ఆ ఒకమ్మాయి నేనేనే."

మోపెడ్ వచ్చింది. అరీజ్ వెనక ఎక్కి కూర్చుంది. వెళ్తూ ఎమ్నా వైపు చూడలేదు.

ఎమ్నావాళ్ల ఇల్లు తెనియూర్ రోడ్డులో నాలుగో కిలోమీటరు దగ్గర. దారిలో చెల్లిని తీసుకోవాలి. చెల్లి పేరు ఈనెస్. అయిదేళ్లది. పిల్లల బడి గుమ్మంలో కూర్చుని చెప్పు పట్టీని బకిల్‌లోకి దూరుస్తోంది. నాలుక బయటపెట్టి, ముక్కు చిట్లించి తంటాలు పడుతోంది. అక్కను చూడగానే ఆ పని ఆపేసింది. కాలు ముందుకు చాపి, పక్కకు తిరిగి రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ కూర్చుంది.

ఎమ్నా వంగి పట్టీ పెట్టేసింది. మూడు సెకన్లు పట్టింది. లేవబోతూ చెల్లి ముఖం చూసింది. ఈనెస్ తన కాలి వైపు చూడటమే లేదు. ఆ కాలు తనది కానట్టే ఉంది.

అరీజ్ కూడా అలాగే కిటికీ వైపు చూసేది. మూడు వారాలూ.

ఎమ్నా రొట్టెలు కొన్నది. చెల్లి చేయి పట్టుకుని దుమ్ములో నడిచింది. ఇల్లు చేరేసరికి అమ్మ వచ్చేసి ఉంది. వంటింట్లో పీట మీద కూర్చుని, కాళ్లు నీళ్ల తొట్టిలో పెట్టుకుని, బఠాణీలు ఒలుస్తోంది. తెల్ల బట్టలు ఇంకా మార్చుకోలేదు.

ఎమ్నా ఎదురుగా కూర్చుని ఒక కాయ అందుకుంది. ఆట గురించి మొదలుపెట్టింది. అరీజ్ సున్నాల గురించి చెప్పింది. తను ట్యాబ్లెట్ లాక్కోవడం దగ్గరికి వచ్చేసరికి మాట నెమ్మదించింది. ఎలా చెప్పాలా అని వెతుక్కుని, చివరికి చెప్పేసింది. అమ్మ ఏమంటుందోనని తలెత్తి చూసింది.

అమ్మ నిద్రపోతోంది. తల గోడకు ఆనింది. ఒక చేయి బఠాణీల గిన్నెలోనే ఉండిపోయింది.

ఎమ్నా గిన్నె మెల్లగా తీసి పక్కన పెట్టింది. మిగిలిన కాయలు తనే ఒలిచింది. ఇప్పుడేం చేయాలన్నది ఇంకెవరో చెప్పే విషయం కాదని ఆ కాయలు ఒలుస్తుండగా ఆమెకు అర్థమైంది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర అరీజ్ కోసం నిలబడింది. రాత్రి సరిగా నిద్రపట్టలేదు. కళ్లు మండుతున్నాయి. అరీజ్ మోపెడ్ దిగగానే, మదాం దగ్గరికి వెళ్లి అంతా చెప్పేస్తాను, నీకు ఎక్కడెక్కడ కష్టమైందో కూడా నేనే చెప్తాను అంది.

అరీజ్ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"నీ తప్పు నువ్వు చెప్పుకో. నా మాట నేను చెప్పుకుంటా."

ఎమ్నా తల ఊపింది. ఒక్క నిమిషంలో మళ్లీ అదే పని చేయబోయింది. సిగ్గనిపించింది.

ఇద్దరూ కలిసే వెళ్లారు. ఉపాధ్యాయుల గదిలో మదాం నజ్లా ఒక్కరే ఉన్నారు. ఒక పక్క పేపర్ల కట్ట, ఇంకో పక్క చల్లారిపోయిన కాఫీ. ఎమ్నా నిలబడే చెప్పింది. రెండు వంతులూ తానే ఆడానని, అరీజ్ ఫొటో కింద ఉన్న పాయింట్లన్నీ తనవని, కాగితంలో రాసింది నిజం కాదని, నిన్న డాక్టర్‌గారికి కూడా అబద్ధమే చెప్పానని. చెబుతున్నంతసేపూ నేల మీద పగిలిన బండను చూస్తూ ఉంది.

మదాం కేకలు వేయలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తాను కూడా ఆ మూడు వారాల్లో ఒక్కసారైనా పేపర్ల మీంచి తల ఎత్తి చూడవలసిందని అన్నారు. తర్వాత అడిగారు.

"సరే. అరీజ్‌కి ఎక్కడెక్కడ కష్టమైందో చెప్పు. హాజర్‌గారికి ఫోన్ చెయ్యాలి కదా."

ఎమ్నా నోరు తెరిచింది. అరీజ్ వైపు తిరిగింది.

"నాకు తెలీదు మదాం. నేనెప్పుడూ సరిగా చూడలేదు. తననే అడగండి."

అప్పుడు అరీజ్ ముందుకొచ్చింది. తన తప్పు కూడా కొంత ఉందంది. "మూడు వారాలు నేనూ నోరు మూసుకున్నాను మదాం. ఏ పని చేసినా అందరూ నాకోసం ఆగి చూస్తుంటారు. అలా చూస్తుంటే నాకు అలసటగా ఉంటుంది. అందుకే తను తీసుకుంటే పోనీలే అనుకున్నాను. కెర్కెన్నా మీద ఆశ కూడా ఉంది."

మదాం ఇంకో కుర్చీ లాగి అరీజ్‌ను కూర్చోమన్నారు. తర్వాత ఫోన్ తీశారు.

రెండు రోజుల తర్వాత కెర్కెన్నా వెళ్లేవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. మూడో జంటగా వెనక బెంచీ అబ్బాయిల పేర్లు ఉన్నాయి. వాళ్లు ఆ రోజంతా పడవ కూత వేస్తూ తిరిగారు. నిజం చెప్పేస్తే మనసు తేలికవుతుందని ఎమ్నా అనుకుంది. అదేమీ కాలేదు. జులై అంతా ఇంట్లోనే గడపాలి. గిన్నెలు, రొట్టెలు, చెల్లి స్నానం. ఆ పేర్ల కాగితం ముందు నిలబడి, ఉన్నచోటే కూర్చుని నిద్రపోవాలనిపించింది. అరీజ్ కూడా వచ్చి చదివింది.

"ఆ కుందేళ్లకి సముద్రమంటే భయమట. పడవలో కక్కుకుంటారులే" అంది. కానీ ఆమె గొంతులో కూడా పెద్దగా హుషారు లేదు.

శనివారం తరగతులు అయిపోయాక డాక్టర్ హాజర్ సైన్సు గదికి వచ్చారు. వెంట ఆట తయారు చేసిన కుర్రాడు వాయెల్ ఉన్నాడు. చేతిలో ల్యాప్‌టాప్, జుట్టు నిండా దుమ్ము. అరీజ్ పాత పాయింట్లన్నీ తీసేశామని డాక్టర్ చెప్పారు. మొదటినుంచి ఆడాలి. ఈసారి పాయింట్లు లేవు, బహుమతీ లేదు. ఎక్కడ ఏం జరుగుతోందో చూడటమే పని. అరీజ్ చెప్పింది చెప్పినట్టు రాయడానికి ఎమ్నాను కూర్చోబెట్టారు.

మొదట గడియారం ఉన్న ఆటే ఇచ్చారు. గాజు పలక జారింది. గంట మోగింది. సున్నా. అరీజ్ చెప్పింది, ఎమ్నా రాసింది. రెండోసారీ అంతే. నాలుగోసారి అయ్యాక వాయెల్ గడియారం తీసేశాడు. అయినా పలక సగం దారిలో జారుతూనే ఉంది. అరీజ్ వేలు మధ్యలో ఒక్క క్షణం తెర మీంచి లేస్తుంది. లేవగానే పలక మొదటికి పోతుంది.

ఎమ్నా అప్పుడే మొదటిసారి ఆ వేలిని దగ్గరగా చూసింది. మూడు వారాలు పక్కనే కూర్చుంది. వేలు లేచిన సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

గదిలో ఉక్కగా ఉంది. డాక్టర్ హాజర్ గడ్డం కింద చేయి పెట్టుకుని చూస్తున్నారు. ఎనిమిదోసారి పలక మైక్రోస్కోపు దాకా వచ్చి, అంగుళం దూరంలో ఆగింది. వాయెల్ ఉండబట్టలేకపోయాడు. కొంచెం నెడితే చాలు కదా అంటూ వేలు చాపాడు.

"ఆగండన్నా" అంది ఎమ్నా. "అది తన వంతు."

వాయెల్ చేయి గాల్లోనే ఆగింది. వెనక్కి తీసుకున్నాడు. పలక జారి మొదటికి పోయింది. అందరూ మళ్లీ కూర్చున్నారు.

అరీజ్ ఈసారి వెంటనే పలకను పట్టలేదు. తెరను చూస్తూ ఆలోచించింది.

"దీన్ని లాక్కుంటూ పోవడం ఎందుకు? పలక మీద ఒకసారి నొక్కి, మైక్రోస్కోపు మీద ఇంకోసారి నొక్కితే అదే వెళ్లి కూర్చోకూడదా?"

వాయెల్ తల గోక్కున్నాడు. కూర్చోవచ్చు అన్నాడు. ఇన్ని నెలలూ తమలో ఎవరికీ ఆ ఆలోచన రాలేదని కూడా అన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి అరగంట టకటకలాడించాడు. ఆ అరగంటలో ఎమ్నా బల్ల మీద తల వాల్చి కొంచెం కునుకు తీసింది. అరీజ్ మోచేత్తో పొడిచి లేపింది.

పలక మీద ఒకసారి నొక్కింది అరీజ్. మైక్రోస్కోపు మీద ఒకసారి. పలక జారకుండా వెళ్లి దాని కింద కూర్చుంది. తెర మీద ఎర్ర కణాలు విచ్చుకున్నాయి.

ఇక లెక్కపెట్టాలి. ఎమ్నా ఆ తెరను లెక్కలేనన్నిసార్లు చూసింది. ఒక్క చూపులో లెక్క తేలిపోయింది. పదిహేడు. నాలుక చివరిదాకా వచ్చింది. పెదవులు బిగించింది. పెన్ను గట్టిగా పట్టుకుంది.

అరీజ్ ఒక్కొక్క కణాన్నీ వేలితో చూపిస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. మధ్యలో మరిచిపోయి మొదటికొచ్చింది. బయట ఎవరిదో మోపెడ్ వెళ్లిన చప్పుడైంది.

"పధ్నాలుగు" అంది చివరికి. అంకె నొక్కింది. తెర మీద ఎర్ర గీత వచ్చింది. తప్పు.

"ఇదేం ఆటతో వచ్చిన కష్టం కాదులే. నేనే తప్పు లెక్కపెట్టాను" అంది అరీజ్. నొసలు చిట్లించి మళ్లీ తెర మీదికి వంగింది.

ఎమ్నా కాగితం మీద "పధ్నాలుగు" అని రాసింది. దాని కింద "రెండో ప్రయత్నం" అని రాసి, పక్కన ఖాళీ వదిలి, ఎదురుచూస్తూ కూర్చుంది.